స్లైడర్ కదిలిన ప్రతిసారీ

అక్క ఫోన్ చేసేసరికి నేను రుషికొండలో ఆఫీసు నుంచి బయటికొచ్చి బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేపల వేట నిషేధం ముగిసి, ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ మళ్లీ సముద్రంలోకి దిగుతున్న వారం అది.

"తమ్ముడూ, మీ బావ ఇంకా రానేదురా. మద్దేనం బోజనానికి ఒచ్చీస్తానన్నాడు. ఫోను కలవట్నేదు" అంది.

గొంతు నెమ్మదిగా ఉంచడానికి ప్రయత్నిస్తోంది. అదే నన్ను భయపెట్టింది. మా అక్క నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు. కూర మాడినా వీధంతా వినపడేలా చెబుతుంది.

బావ మత్స్యకారుడు కాదు. మా రెండిళ్లవాళ్లవీ విజయనగరం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబాలు. అతను చిన్న వయసులోనే కంచరపాలెం వచ్చి లారీ ఇంజిన్ల పని నేర్చుకున్నాడు. తర్వాత హార్బర్ దగ్గర షెడ్డు పెట్టుకుని బోటు ఇంజిన్లకి మారాడు. నిషేధం ఉన్నన్నాళ్లూ అతనికి ఊపిరాడదు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కనక అందరూ అప్పుడే ఇంజిన్లు విప్పిస్తారు. ఆ రోజు పొద్దున్న తాను బాగుచేసిన ఇంజిన్ ఎలా నడుస్తుందో చూడడానికి, బోటు మనుషులు ముగ్గురితో కలిసి సముద్రంలోకి వెళ్లాడు. వేటకి కాదు, ట్రయల్‌కి. కొంతదూరం వెళ్లి తిరిగి రావడమే పని. అందుకే బోటులో ఐసు లేదు, బియ్యం లేదు. కాసిని మంచినీళ్లు, ఒక పాత వల, ఎండకి కప్పుకునే టార్పాలిన్ మాత్రం ఉన్నాయి.

నేను హార్బర్‌కి వెళ్లేసరికి బోటు యజమాని అక్కడే ఉన్నాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే నాకు జరిగింది చెప్పాడు. మధ్యాహ్నానికి కాస్త ముందు వైర్‌లెస్‌లో వాళ్ల మాట ఇంకో బోటుకి వినపడిందట. "ఇంజినాగిపోనాది. బేటరీ కూడా..." అన్నంతవరకే. తర్వాత గొంతు లేదు. ఆ రెండో బోటు డ్రైవరు అంతకు కొంచెం ముందే వాళ్లని దూరం నుంచి చూశాడు. వెంటనే అటు తిప్పి వెతికాడు గానీ, జల్లు పడి ఎదర ఏమీ కనిపించలేదట. సంగతి అధికారులకి చెప్పారు. వెతకడానికి కోస్ట్‌గార్డ్ ఓడ ఒకటి బయల్దేరింది కూడా. కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందనీ, మర్నాడు సాయంత్రానికి సముద్రం చెడిపోతుందనీ హెచ్చరిక వచ్చింది.

ఆ రాత్రి కంచరపాలెంలో అక్క ఇంట్లో ఎవరం పడుకోలేదు. తెల్లవారగానే అక్కతో కలిసి మళ్లీ హార్బర్‌కి వచ్చాను. ఎందుకో తెలియకుండానే లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకున్నాను.

యజమాని షెడ్డులో మనుషులు గుమిగూడి ఉన్నారు. మూడు బోట్లు డీజిల్ పోసుకుని సిద్ధంగా ఉన్నాయి. కదలడం లేదు. ఎటు వెళ్లాలో తేలడం లేదు.

బావ వాళ్లని చివరిసారి చూసిన ఆ డ్రైవరు వయసు మళ్లినవాడు. నెరిసిన గడ్డం, ఎండకి కమిలిన మొహం. ఆయన దక్షిణం అంటున్నాడు. "ఇంజినాగితే ఏటి సేత్తారు? వల నీటిలోకి ఇడిసీసి బోటు కొట్టుకుపోకుండా సూత్తారు. వల దిగితే బోటు నీరెటు లాగితే అటే ఎల్తాది. ఇప్పుడు నీరు పూడిమడక వేపు లాగతన్నాది."

యజమాని ఒప్పుకోలేదు. "కాదు బాబాయ్. నా మనుసులు నాకు తెలీదేటి? టార్పాలిన్ తెరసాప కట్టీసి ఒడ్డుకి సేరదామని సూత్తారు. గాలి నైరుతి నుంచొత్తంది. భీమిలి దాటి ఎల్లిపోతారు."

ఒకటి దక్షిణం, ఒకటి ఈశాన్యం. మధ్యలో మా అక్క. ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తూ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. మా ఆఫీసులో అలాంటి పనికే ఒక ప్రోగ్రాం ఉందని చెప్పాను. సముద్రంలో చమురు ఒలికితే ఆ తెట్టు ఎటు పోతుందో చూపించే ప్రోగ్రాం అది. నీటి ప్రవాహం, గాలి, ఈ రెండింటి అంచనాలూ తీసుకుని, ఒలికిన చోటు నుంచి వేల చుక్కల్ని కంప్యూటర్‌లోని సముద్రంలోకి వదులుతుంది. గంటగంటకీ ఆ చుక్కలు ఎక్కడెక్కడికి చేరతాయో పటం మీద మచ్చలా చూపిస్తుంది. కింద కొన్ని స్లైడర్లు ఉంటాయి. వేలితో అటూ ఇటూ జరిపే మీటలు. వాటిలో ఒకటి గాలి పట్టు. అంటే, నీళ్లలో తేలే వస్తువుని గాలి ఎంత బలంగా నెడుతుందన్నది. టార్పాలిన్ కట్టిన బోటయితే మీట కుడి కొసకి. నీళ్లలో వల వదిలిన బోటయితే ఎడమ కొసకి.

"అయితే తియ్యి, సూద్దాం" అన్నాడు యజమాని. కుర్చీ నా వైపు తోశాడు.

ఆఫీసులో నాతో పనిచేసే ఆవిడకి ఫోన్ చేశాను. ఆ ప్రోగ్రాం ఆవిడా నేనూ కలిసి చూసుకుంటాం. ఆవిడ ఆ రోజు పెందలాడే ఆఫీసుకి వచ్చింది. రెండు ముక్కల్లో విషయం చెప్పాను. ఇంకేమీ అడగలేదు. "ప్రవాహాల ఫైలూ, గాలి ఫైలూ పంపిస్తున్నాను. ఫోన్ పెట్టేయకండి, లైన్లోనే ఉంటాను" అంది.

డ్రైవరు తాను బోటుని చూసిన చోటు చెప్పాడు. అది పటం మీద పెట్టి, గాలి పట్టు మీటని పట్టుకుని కుడివైపు జరిపాను.

స్క్రీను బిగుసుకుపోయింది.

ఇలా అవుతుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ప్రోగ్రాం ఇంకా తయారీలో ఉంది. వేగం సంగతి తర్వాతి నెల చూద్దామనుకున్నాం. చమురు లెక్క చూసేవాళ్లు ఒక అంకె పెట్టి టీ తాగి వస్తారు, వాళ్లకి తొందర లేదు. ఇక్కడ నా భుజం మీద నుంచి పది తలలు వంగి చూస్తున్నాయి.

కొన్ని నిమిషాలు గడిచాక మచ్చ వచ్చింది, భీమిలికి ఉత్తరాన. "సూసేవా!" అన్నాడు యజమాని. "మరి వలేస్తేనో? అది సూపించు" అన్నాడు డ్రైవరు. మీటని ఎడమకి లాగాను. మళ్లీ బిగుసుకుంది. ఈసారి ఇంకా ఎక్కువసేపు. మచ్చ పూడిమడక వైపు తేలింది.

"అయితే మనమనుకున్నదే కదా ఇదీ సెప్పింది" అన్నాడు డ్రైవరు. వెక్కిరింత కాదు. ఆయన గొంతులో నిరాశే ఉంది. "అటుంటే అటు, ఇటుంటే ఇటు. ఈపాటికి నానెల్లిపోతే సగం దూరం సూసొద్దును."

"మజ్జిలో పెట్టి సూడరా" అంది అక్క.

మధ్యలోకి జరపబోయాను. స్క్రీను తెల్లబడిపోయింది. ప్రోగ్రాం ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు బయటికి నడిచారు.

"అన్నా, కాసేపు టైమియ్యి. ఒక్క అరగంట" అన్నాను యజమానితో.

"బాబూ, ఆకాశం సూసేవా?"

చూశాను. తూర్పున ఎండ ఉంది, కానీ దాని కింద బూడిదరంగు గీత ఒకటి ఉంది.

"అరగంట" అన్నాను మళ్లీ. ఆయన చేతి గడియారం చూసుకుని, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ప్రోగ్రాం చేసే పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది చాలా నిదానమైన పని. దూరదూరంగా ఉన్న ప్రవాహం అంకెల్ని, గాలి అంకెల్ని తీరం పొడవునా, లోతునిబట్టి, గంటగంటకీ చిన్న చిన్న గళ్లలోకి సర్దడం. రెండోది చుక్కల్ని వదిలి నడిపించడం, అది త్వరగానే అవుతుంది. గాలి పట్టు మీట జరిపితే మారేది రెండోదే. సముద్రం మారదు. కానీ ఏ మీట ఎంత కదిలినా ప్రోగ్రాం సముద్రాన్ని మొత్తం మొదటినుంచీ కట్టుకొస్తోంది. చివరికి మచ్చ రంగు మార్చే మీట ముట్టుకున్నా అంతే.

పైగా, మీట ఒక కొస నుంచి ఇంకో కొసకి ఒక్కసారిగా దూకదు. దారిలో ఎన్నో అంకెల మీదుగా జారుతుంది. అలా జారిన ప్రతి అంకెకీ ఒక లెక్క మొదలవుతోంది. ఎవరికీ అక్కర్లేని ఆ లెక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడుతున్నాయి. మనకి కావలసింది అన్నిటికన్నా చివర ఉంటుంది.

"ఎందుకంత సేపు?" అని యజమాని అడిగితే, "కూరలో ఉప్పు చాలకపోతే ఉప్పేసుకోవాలి గదా అన్నా. ఇది ఉప్పు కోసం పప్పు మళ్లీ మొదటినుంచి ఉడకబెడుతోంది" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఫోన్ స్పీకర్ మీద పెట్టాను. ఆవిడ అక్కడ, నేను ఇక్కడ, పని పంచుకున్నాం. సముద్రాన్ని ఒక్కసారి కట్టి దాచిపెట్టే ముక్క ఆవిడ రాస్తానంది. బోటు చోటూ, బయల్దేరిన వేళా మారనంతవరకూ దాచినదాన్నే వాడుకోవాలి. మీటల సంగతి నేను తీసుకున్నాను. చెయ్యి కదులుతున్నంతసేపూ కొద్ది చుక్కలతో తేలికైన లెక్క మాత్రమే చెయ్యాలి. చెయ్యి ఆగాక పూర్తి లెక్క. ఈలోగా చెయ్యి మళ్లీ కదిలితే, సగంలో ఉన్న పాత లెక్కని పారెయ్యాలి. దాన్ని ముగించే ప్రయత్నమే చెయ్యకూడదు.

రాయడానికి పెద్ద పని కాదు. ఆఫీసులో అయితే కాఫీ తాగుతూ రాసేవాణ్ని. ఇక్కడ నా వేళ్లు ఒక కీ బదులు ఇంకో కీ మీద పడుతున్నాయి. బయట ఇంజిన్లు స్టార్ట్ చేసి ఉంచారు. ఆ దడదడలకి బల్ల అదురుతోంది. రాసింది మొదటిసారి నడవలేదు. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించింది. అక్క నా పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ ఎర్ర అక్షరాల్ని చూసి కళ్లు మూసుకుంది.

రెండోసారి నడిచింది. సముద్రం కట్టుకోవడానికి మొదట పట్టిన టైమే పట్టింది. అది తప్పదు. తర్వాత మీట మీద వేలు పెట్టి కదిపాను.

మచ్చ కూడా నా వేలితో పాటే కదిలింది.

ఎడమ కొస నుంచి కుడి కొసకి నెమ్మదిగా తీసుకెళ్లాను. పూడిమడక వైపున్న మచ్చ మొదటి అంగుళంలోనే అక్కణ్నుంచి లేచి వచ్చేసింది. ఆ తర్వాత మీట ఎంత జరిపినా పెద్దగా కదలదు. గాలి ఉత్తరానికి నెడుతుంటే నీరు దక్షిణానికి లాగుతోంది. రెండూ ఒకదాన్నొకటి పట్టి ఆపుతున్నాయి. మచ్చ హార్బర్‌కి తిన్నగా తూర్పున, లోపలి సముద్రంలో, కొంచెం కొంచెంగా ఒడ్డుకి దూరమవుతూ ఉండిపోయింది. మీట కుడి కొసకి బాగా దగ్గరపడ్డాక గానీ భీమిలి వైపు పరుగెత్తలేదు.

"మళ్లీ జరుపు" అన్నాడు డ్రైవరు. జరిపాను. "ఇంకోపాలి." జరిపాను. ఆయన తన వేలు స్క్రీను మీద పెట్టి మచ్చ వెంట నడిపించాడు.

"రెండు కొసలే సూసేం ఇందాకా" అన్నాడు యజమాని నెమ్మదిగా. "మజ్జిలో ఇంత జాగా ఉన్నాదని అనుకోనేదు."

కొసల్ని మాత్రమే చూపించేంత నిదానంగా ఉన్నంతసేపూ ఆ ప్రోగ్రాం వాళ్ల వాదనకి ఆజ్యం పోసిందంతే. మధ్యలో ఏముందో అడిగే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ఇప్పుడు ప్రశ్న అడగడానికి ఎవరికీ భయం లేదు. వలేసి తర్వాత తీసేస్తే? టార్పాలిన్ చిరిగిపోతే? అందరూ ఒకేసారి అడుగుతున్నారు. ఏ ప్రశ్నకయినా జవాబు ఇంచుమించు అక్కడే తేలుతోంది.

రెండు బోట్లు మధ్యకి, ఒకటి భీమిలి వైపు వెళ్లాలని తేల్చుకున్నారు. పూడిమడక వాళ్లకి ఫోన్ చేసి అక్కడి బోట్లని చూడమన్నారు. మచ్చ ఉన్న చోటు యజమాని అధికారులకీ ఫోన్‌లో చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఆవిడ గాలి అంచనా కొత్తది వచ్చిందంది. అల్పపీడనం వల్ల గాలి ముందనుకున్నదానికంటే త్వరగా దిక్కు మారుతుందట. ఫైలు పంపింది. ఎక్కించాను. మచ్చ ఉన్నచోటే ఉంది.

"మారలేదండీ. పరవాలేదన్నమాట" అన్నాను.

డ్రైవరు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

"అసలేమీ మారలేదా? ఒక్క చుక్క కూడా?" అంది ఆవిడ.

అప్పుడు తట్టింది నాకు. గాలి మారితే ఎంతోకొంత మారాలి. చుక్కలన్నీ పొల్లుపోకుండా పాత చోట్లలోనే ఉన్నాయి. ప్రోగ్రాం దాచిపెట్టుకున్న పాత సముద్రాన్నే చూపిస్తోంది. బోటు చోటు మారితే, బయల్దేరిన వేళ మారితే మళ్లీ కట్టమన్నాం. గాలి ఫైలు మారితే కూడా మళ్లీ కట్టాలని చెప్పడం ఇద్దరం తొందరలో మరిచిపోయాం. అది తనకి తెలిసినంతలో నమ్మకంగా అబద్ధం చెబుతోంది.

"బాబాయ్, ఆగు! ఎల్లకండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. యజమాని బయటికి పరుగెత్తి చెయ్యి ఊపాడు. ఇంజిన్ల చప్పుడులో ఆయన అరుపు వినపడలేదు. ఒక బోటు తాడు విప్పుకుని అప్పటికే కదిలింది.

ఆ ఒక్క షరతూ చేర్చి, దాచిందంతా చెరిపేసి, మళ్లీ మొదటినుంచి కట్టమన్నాను. ఇప్పుడిది అక్కర్లేని లెక్క కాదు, ఎంత నిదానమైనా చేసి తీరాల్సిన లెక్క. ఆ నిమిషంలో నేను స్క్రీను వైపు చూడలేకపోయాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా చెయ్యి తియ్యమనలేదు.

మచ్చ వచ్చింది. ముందున్నదానికంటే ఇంకా లోపలికి, కాస్త ఉత్తరంగా. పటంలో చూస్తే వేలెడు దూరం కూడా కాదు. సముద్రం మీద, ఒక బోటు నుంచి ఇంకో బోటు కనిపించకుండా పోయేంత దూరం. యజమాని వైర్‌లెస్ అందుకుని కొత్త చోటు చెప్పాడు, అధికారులకీ మళ్లీ ఫోన్ చేశాడు. ముందెళ్లిపోయిన బోటు నుంచి "అర్తమయ్యింది, తిప్పతన్నాం" అని జవాబొచ్చింది. మిగతా రెండు బోట్లూ బయల్దేరాయి.

తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. అదే అన్నిటికన్నా కష్టమైన భాగం. షెడ్డులో కూర్చున్నాం. ఎవరో ఇడ్లీ పొట్లాలు తెచ్చారు. అక్క ముట్టలేదు. నేను మీటని మళ్లీ మళ్లీ కదిపి చూస్తుంటే, "ఒరే, ఇంకాపీరా. కళ్లు తిరగతన్నాయి" అంది. మూసేశాను. మధ్యాహ్నానికి బూడిదరంగు గీత సగం ఆకాశానికి పాకింది. గాలి ఆగింది. హార్బర్‌లో నీళ్లు నూనె పోసినట్టు నున్నగా అయ్యాయి. అది మంచి గుర్తు కాదని ఎవరూ చెప్పక్కర్లేదు.

వైర్‌లెస్ గరగరలాడినప్పుడల్లా అందరం లేచేవాళ్లం. భీమిలి వైపు వెళ్లిన బోటు ఏమీ లేదంది. పూడిమడక నుంచీ ఏమీ లేదు. మధ్యకి వెళ్లిన రెండింటిలో ఒకటి చాలాసేపు పలకనేలేదు.

చివరికి పలికింది ఆ డ్రైవరే. మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. "...దొరికీసేరు... నలుగురూ ఉన్నారు... తాడు కడతన్నాం..."

అక్క నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. రెండు చేతులూ నేలకి ఆనించి, ఇంకా ఏదో వినాల్సింది ఉన్నట్టు వైర్‌లెస్ వైపే చూస్తూ ఉండిపోయింది. యజమాని గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

వాన మొదలయ్యాక వచ్చారు వాళ్లు. తాడు కట్టి లాక్కొస్తున్న బోటు వెనక కూర్చుని ఉన్నాడు బావ. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. చేతులు మోచేతులదాకా గ్రీజు. ఆ నడిసముద్రంలో రోజంతా ఇంజిన్ విప్పుతూనే ఉన్నాడట. డైనమో కాలిపోవడంతో బ్యాటరీ చచ్చిపోయి, ఆగిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాలేదట. మొదట వల వదిలారు. అది సరిపోక తీసేసి టార్పాలిన్ కట్టారు. తెల్లవారుజామున గాలివానకి అది చిరిగిపోయింది. మేం షెడ్డులో అడుక్కున్న ప్రశ్నలన్నీ వాళ్లకి వరసగా జరిగాయి.

అధికారుల మనుషులొచ్చి వివరాలు అడిగారు. డాక్టరు చూసి, రెండు సెలైన్ సీసాలు ఎక్కించి పంపించాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే, ఆవిడ నేను రాసిన ముక్క తెరిచి కూర్చుని ఉంది. మేం తొందరలో చేసింది అతుకులబొంత. ఏ మీట ఏ లెక్కని కదపాలో, ఏది మారితే ఏది పాతబడిపోతుందో, ఒక్కొక్కటీ కాగితం మీద గీసుకుంటూ ఆ వారమంతా ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. గాలి ఫైలు దగ్గరికొచ్చినప్పుడు ఆవిడ పెన్ను ఆపి, "ఇక్కడ నాకు చేతులు చల్లబడ్డాయండీ ఆ రోజు" అంది. నాకూ అని చెప్పాను.

ఒక ఆదివారం బావ మా ఇంటికి వచ్చి, తాను ఎక్కడున్నాడని కంప్యూటర్ చెప్పిందో చూపించమన్నాడు. చూపించాను. మీట తనే జరిపాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇంత ఇదిగా ఎతికేరా బావా నాకోసం!" అన్నాడు.

ఆ ఇంజిన్‌కి కొత్త డైనమో వేసింది కూడా అతనే. మళ్లీ ట్రయల్‌కి తానే వెళ్తానన్నాడు. అక్క వద్దంది, అరిచింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది.

"నాను సేసిన ఇంజినే. నాను కాపోతే ఇంకెవులెల్తారు?" అన్నాడు.

వెళ్లే రోజు పొద్దున్న అక్క క్యారేజీ నిండా అన్నం కట్టింది. ఇంకో సంచీలో అటుకులు, బెల్లం, పెద్ద క్యానుతో నీళ్లు పెట్టింది. నలుగురికి మూడు రోజులు సరిపోతాయి అవి. బావ ఆ బరువు ఎత్తి చూశాడు. రెండు చేతులా సంచులు పట్టుకుని, రైలు గేటు దాటి ఆటో ఎక్కాడు.